అర్పా నది ఎగువకు మూడు దినాల యాత్ర
(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు కళాశాల విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మోటారు సైకిలుపై దూరయాత్ర అనగానే మన యువకుల మనస్సు రాజస్థాన్ ఇసుక తిన్నెల మీదికో, లడఖ్ శీతల మరుభూమికో పరుగిడుతుంది. అది సహజమే. జనసంచారం లేని ప్రదేశాలలో మనిషి తన శక్తి ఎంతటిదో, తన అవసరాలు ఎంత స్వల్పమైనవో తెలుసుకొంటాడు. అయితే ఎడారిని చూడడానికి అంతదూరం పోనవసరం లేదని మనవి చేయదలచాను. నడివేసవిలో మన పట్టణంలోని వంతెనపై నిలిచి క్రిందికి చూడండి. అక్కడ అర్పా నది కనిపించదు, ఇసుక కనిపిస్తుంది. ఆ నీరు ఎక్కడ పుడుతున్నది, ఎందుకు నిలవడం లేదు అనే ప్రశ్నతో 2024 జనవరి 26, శుక్రవారం మొదలు మూడు దినాల సెలవు కలిసిరాగా, మేము నలుగురం రెండు మోటారు సైకిళ్లపై నది ఎగువ దిశగా బయలుదేరాము.

యాత్రావిశేషాలకు ముందు మన పూర్వకథను ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా అసన్సోల్ వరకు రైలుమార్గం 1891లో పూర్తయింది. ఆ కంపెనీ మార్గాలు వాల్తేరు వరకు వ్యాపించాయి. 1931లో రాయపూర్, విజయనగరం మార్గం కూడా పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల గ్రామాల నుండి మన తాతలు గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా ఈ మార్గాల వెంటనే వచ్చారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమైంది. తరాలు గడిచినా మనలో అనేకులకు తెలిసిన దేశం మాత్రం రెండు బిందువుల నడుమ గీచిన గీత వంటిది. ఒక చివర క్వార్టరు, మరొక చివర స్వగ్రామం. గీతకు ఇరుప్రక్కల ఉన్న నేలను రైలు కిటికీలో నుండి చూచామే కాని, దానిపై అడుగుపెట్టినవారు తక్కువ.

బిలాస్‌పూర్‌కు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో రతన్‌పూర్ ఉంది. కలచురి రాజులకు అది రాజధాని. మహామాయాదేవి ఆలయాన్ని, పాత చెరువులను దర్శించి కెందా మీదుగా ఘాట్ మార్గం పట్టాము. అక్కడినుండి అడవి దట్టమవుతుంది. అంతవరకు పేరు తెలియని అడవి అనుకొన్న మా మిత్రుడొకడు చెట్లను చూచి ఆశ్చర్యపోయాడు. వారు మహువా అనేది మన ఇప్పచెట్టు. వారు తెందూపత్తా అనేది మన తునికాకు. తూర్పు కనుమలలో గిరిజనులకు జీవనాధారమైన చెట్లే ఇక్కడి గోండులకు, బైగాలకు కూడా జీవనాధారం.

దారిలో ఒక గ్రామంలో ఆగినప్పుడు ఒక వృద్ధురాలు బియ్యపు పిండితో నిప్పులపై కాల్చిన అంగాకర్ రొట్టె పెట్టింది. వేసవిలో తమ ఉదయపు ఆహారం బాసీ అని చెప్పింది. రాత్రి అన్నంలో నీరు పోసి ఉంచి, తెల్లవారిన తరువాత ఉల్లిపాయతోనో పచ్చిమిరపకాయతోనో తినడమే బాసీ. అది మా నాయనమ్మ పెట్టే చద్దన్నమేనని మాలో ఒకరు చెప్పగా ఆమె ఎంతో సంతోషించింది. తరువాత మెల్లగా, “బాసీకి అన్నం ఉంటుంది నాయనా, ఎండాకాలంలో నీళ్లే దూరం నుండి మోసుకొని రావాలి” అన్నది. యాత్ర పొడవునా ఆ మాట మమ్ములను వెంటాడింది.

కేంవ్‌చీ దాటి, మైకల్ పర్వతశ్రేణిపై వెయ్యి మీటర్లకు మించిన ఎత్తున ఉన్న అమరకంటకం చేరాము. అది మధ్యప్రదేశ్‌లోని అనూప్‌పూర్ జిల్లాకు చెందినది. అక్కడ పుట్టిన నర్మద పడమటికి 1,312 కిలోమీటర్లు ప్రవహించి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. ఆ ప్రాంతంలోనే పుట్టిన శోణానది ఉత్తరాదికి సాగి పాట్నా సమీపంలో గంగను చేరుతుంది. ఈ కొండల దిగువన పెండ్రా పరిసరాలలో పుట్టిన మన అర్పా శివనాథ్‌లోను, శివనాథ్ మహానదిలోను కలసి, ఆ నీరు ఒడిశా మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. ఒకే వాన చినుకులు కొద్దిపాటి దూరంలో విడిపోయి గుజరాతీ రైతుకు, బీహారు రైతుకు, ఒడియా రైతుకు వేరువేరుగా అందుతున్నాయి. దేశం ఒక్కటని పాఠ్యపుస్తకాలలో చదివిన మాటకు ఇంతకంటె స్పష్టమైన పటం వేరొకటి ఉండదు.

మూడవ దినం పెండ్రా సమీపంలో అర్పా పుట్టుచోటు చూడబోయాము. నది అని చెప్పదగినదేదీ అక్కడ లేదు. పొలాల నడుమ ఒక పల్లపు నేల, కొంత చెమ్మ. ఇక్కడ వర్షం దాదాపు నాలుగు నెలలలోనే కురుస్తుంది. ఆ నీటిని అడవి నేల పీల్చుకొని, మిగిలిన నెలలలో ఊటగా కొంచెం కొంచెం విడుస్తుంది. చెట్లు తరిగితే వాననీరు ఒక్కసారిగా కొట్టుకొనిపోతుంది. గొట్టపు బావులు పెరిగితే ఊట దిగిపోతుంది. నదిలోని ఇసుక నీటిని దాచుకొనే తొట్టి వంటిది. దానిని అతిగా తవ్వితే తొట్టే మాయమవుతుంది. ఛత్తీస్‌గఢ్ 2019లో స్వీకరించిన రాష్ట్రగీతం అర్పా పేరుతోనే ఆరంభమవుతుంది. అదే నది దుస్థితిపై మన పట్టణంలోని ఉన్నత న్యాయస్థానంలో ప్రజాహిత వ్యాజ్యాలు నడిచాయి. పాటలో ఉన్న నదిని నేలపై నిలుపుకోవడం అందరి బాధ్యత. ఈ పట్టణంలో నీరు త్రాగే తెలుగువారు ఆ బాధ్యతకు వెలుపల లేరు.

మిత్రులారా! మీలో వాహనమూ, అనుమతిపత్రమూ ఉన్నవారు ఈ యాత్ర తప్పక చేయండి. శిరస్త్రాణం లేకుండా బయలుదేరవద్దు. బ్రేకులు, గొలుసు, చక్రాలలో గాలి ముందుగానే పరీక్షించుకోండి. అడవి ప్రవేశించకముందే పెట్రోలు నింపుకోండి. ఘాట్ దిగునప్పుడు ఇంజను ఆపక, తక్కువ గేరులో దిగండి, బ్రేకులు వేడెక్కవు. చీకటి పడకముందే బస చేరండి, వన్యమృగాలు రాత్రివేళ దారి దాటుతాయి. అన్నిటికంటె ముఖ్యంగా, వేగంగా పోకండి. గ్రామాలలో ఆగండి, ఛత్తీస్‌గఢీలో నాలుగు మాటలు నేర్చుకొని పలకరించండి, వారి బావి లోతు అడగండి.

మన తాతలు ఈ నేలపై పట్టాలు వేశారు. ఆ పట్టాలకు అటూఇటూ ఉన్న మనుషులను, నీటిని తెలుసుకొనే పని మనకు మిగిలి ఉంది. మన భాషను ఇంట నిలుపుకొంటూనే ఇరుగుపొరుగు కష్టాన్ని మన కష్టంగా ఎంచిననాడే మనం ఈ ఊరివారమని చెప్పుకొనే అర్హత మనకు కలుగుతుంది.