మాఱుబిడ్డ



ఐరోపాఖండమున దయ్యములకు కొదువలేదు. జర్మనీదేశపు గనులలో తిరుగు మఱుగుజ్జులు కలరు, నార్వేకొండలలో ట్రోలు లను రాక్షసులు కలరు. వానినన్నిటిని ఏకరువుపెట్టినచో నాకు దొరకిన యీ కొద్ది నిమిషములు పేర్లకే చాలవు. కావున ఒక్క నమ్మకమును మాత్రమే తీసికొందును. దానిని ఆంగ్లేయులు చేంజిలింగు అందురు. మనము మాఱుబిడ్డ అనుకొందము.

ఐర్లాండుదేశమున పొలములనడుమ గుండ్రని పురాతనపు మట్టికట్టలు వేలకొలది యున్నవి. పూర్వము కాపులు ఇండ్లచుట్టు కట్టుకొన్న ప్రాకారములవి. ఆ సంగతి మఱచిన తరువాతివారు వానిలో ఒక అదృశ్యజాతి కాపురమున్నదని నమ్మిరి. ఆ జాతిపేరు షీ. పేరెత్తిన కీడని "మంచివారు" అని పిలిచెడివారు. రాత్రివేళ పామును పురుగనియు, మశూచిని అమ్మవారనియు అనిన మనకు ఈ మర్యాద క్రొత్తది కాదు.

ఈ మంచివారు బొద్దుగానున్న పసికందును తొట్టెలోనుండి ఎత్తుకొనిపోయి, తమలోని యొక ముదుసలిని ఆ బిడ్డరూపమున పరుండబెట్టి పోవుదురట. ఆ మాఱుబిడ్డ ఎంత తినినను ఎదుగదు, నడువదు, పలుకదు, రేయింబవళ్లు ఏడ్చుచుండును. అందులకై తల్లులు తొట్టెపై ఇనుపపట్టుకారును అడ్డముగా నుంచెడివారు. మంచివారు మగబిడ్డలనే కోరుదురని అరాన్ ద్వీపములలో మగపిల్లలకు పరికిణీలు తొడిగిరి. ఇరువదవ శతాబ్దారంభమునను ఆ యాచారముండెను.

ఈ తలంపు ఐర్లాండునకే పరిమితము కాదు. గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన జర్మనుకథలలో ఒకతల్లి గ్రుడ్డుపెంకులలో నీరు కాచును. తొట్టెలోని మాఱుబిడ్డ ఆ వింతకు పకపక నవ్వి, ఇంతవయస్సు వచ్చినను ఇట్టి వంట చూడలేదని నోరుజాఱును. వెంటనే అసలుబిడ్డ తిరిగివచ్చును. ఇంతవఱకు కథ ముచ్చటగానే యున్నది. క్రైస్తవమతమును సంస్కరించిన మార్టిన్ లూథరు మహాశయుడు అట్టి పండ్రెండేండ్ల బిడ్డను దెస్సౌ నగరమున చూచి, నదిలో పాఱవేయుడని ఆ నేల ప్రభువులకు చెప్పెనని ఆయన శిష్యులు వ్రాసికొనిరి. ప్రభువులు వినలేదు. ఎంతటి పండితుడైనను తన కాలపు నమ్మకమునకు లోబడును గదా!

1826లో ఐర్లాండున నాలుగేండ్ల బాలుడొకడు నిలువలేక, నడువలేక, మాటాడలేక యుండెను. ఆన్ రోష్ అను ముసలిది వానిలోని మంచివారిని వెడలగొట్టుటకై మూడు ఉదయములు వరుసగా ఫ్లెస్క్‌నదిలో ముంచెను. మూడవనాడు బాలుడు మరణించెను. ట్రాలీ న్యాయస్థానమున ఆమె నిర్దోషి యని తీర్పయ్యెను. ఆ బాలునివంటివారికి పుట్టుకతోనో పసితనముననో వచ్చిన వ్యాధి కలదని నేటి వైద్యులు చెప్పుదురు. నేను బడిపంతులుగా పనిచేసిన దినములలో ఒక తండ్రి చదువురాని కొడుకును బడిగుమ్మమున నిలిపి, వీడు మా వంశమున పుట్టవలసినవాడు కాడనెను. ఆ పిల్లవాడు తలవంచుకొని నేలవైపు చూచుచుండెను.

మన సుశ్రుతసంహితలోను స్కందుడు, రేవతి, పూతన మున్నగు తొమ్మిది బాలగ్రహములు చెప్పబడినవి. కాని ఒక భేదము గమనింపుడు. అచ్చట గ్రహము బిడ్డను పట్టును. పట్టినను బిడ్డ మనదే, శుశ్రూష చేయవలసినదే. మాఱుబిడ్డ విషయమున తొట్టెలోనున్నది మన బిడ్డయే కాదు. దానిని కొట్టినను, కాల్చినను, కన్నబిడ్డకు నొప్పి తగిలినట్లు కాదు. పైగా దానిని బాధించినకొలది అసలుబిడ్డ త్వరగా ఇల్లుచేరునని ఆశ. ప్రేమయే చేతికి కొఱవి నిచ్చు నమ్మకమిది.

పెద్దవారినిగూడ మంచివారు మార్చుదురని తలంచెడివారు. టిపరేరి మండలమున బాలీవాడ్లీ యను పల్లెలో బ్రిజెట్ క్లియరీ యను ఇరువదియాఱేండ్ల యిల్లాలుండెను. కుట్టుయంత్రముపై బట్టలు కుట్టి, కోళ్లు పెంచి, తన సంపాదన తాను చేసికొనెడిది. భర్త మైకేలు పీపాలు చేయువాడు, అక్షరాస్యుడు. 1895 మార్చిలో ఆమెకు జబ్బుచేసెను. వైద్యుడు వచ్చి ఊపిరిగొట్టములలో కొద్దిపాటి వాపు, మనసున ఉద్రేకము అనెను. మతగురువును వచ్చి ప్రార్థనలు చేసెను. మైకేలు మాత్రము, ఈమె నా భార్య కాదనెను. 14వ తేదీ రాత్రి తండ్రియు, జ్ఞాతులును చూచుచుండగా మగవారు ఆమె చేతులు పట్టుకొని, పాలలో కాచిన ఆకుమందు నోట పోసి, నీవెవతెవని పదేపదే అడిగిరి. తానే బ్రిజెట్టునని ఆమె చెప్పెను. మఱునాటిరాత్రి భర్త మూడు రొట్టెముక్కలు తినుమని, ఒక్కొక్క ముక్కకు పేరడిగెను. మూడవసారి జవాబు ఆలస్యమయ్యెను. ఆమెను నేలబడద్రోసి దీపపునూనె పోసి కాల్చెను. ఇల్లంతయు చుట్టములే. ఒక్కరును ఆమెను విడిపింపలేకపోయిరి.

ఆ పిమ్మట మైకేలు కైల్నగ్రానా దిబ్బయొద్ద రాత్రులు కాపుండెను. అసలు భార్య తెల్లగుఱ్ఱమెక్కి వెలుపలికి వచ్చునని, కట్లు కోసి దింపుకొందునని చెప్పెడివాడు. మార్చి 22న పోలీసువారు లోతులేని గుంతలో ఆమె శవమును కనుగొనిరి. ఐర్లాండునకు స్వపరిపాలన యీయరాదను కొన్ని ఇంగ్లీషుపత్రికలకు ఈ యుదంతము పండుగయ్యెను. ఒక యింటి ఘోరమును జాతి యంతటికి అంటగట్టుట పాలకులకు చిరకాలపు విద్య.

జూలైలో క్లాన్మెల్ పట్టణమున విచారణ జరిగెను. బుద్ధిపూర్వకమైన హత్య కాదని తేలగా న్యాయాధిపతి మైకేలునకు ఇరువదియేండ్ల కఠినశిక్ష విధించెను. ఇతర బంధువులలో కొందఱికి స్వల్పశిక్షలు పడెను. మైకేలు 1910లో విడుదలయై లివర్‌పూల్ చేరి, అచ్చటనుండి ఓడనెక్కి కెనడా వెడలిపోయెను.