ఆఖరి పంటు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక్క విషయమే మాట్లాడతాను. మన రాకపోకల గురించి.

మన కోనసీమకి ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, మధ్యలో వైనతేయ. ఏ చుట్టాలింటికి బయలుదేరినా ఏదో ఒక పాయ అడ్డొచ్చేది. కాకినాడలో చదువుకున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బస్సులో కోటిపల్లి చేరి, రేవులో పంటెక్కి, ముక్తేశ్వరంలో దిగి, మళ్ళీ అమలాపురం బస్సు పట్టుకోవాలి. నర్సాపురం వెళ్ళేవాళ్ళకి సఖినేటిపల్లి రేవు. వరదొస్తే పంటు లేదు. ఆఖరి పంటు దాటిపోతే ఆ రాత్రికి ఎవరో ఒకరింట్లో పడక. అమ్మమ్మగారింటికి రెండ్రోజులని వెళ్ళినవాళ్ళం వారం ఉండేవాళ్ళం. అరుగు మీద పక్కలేసుకుని అర్ధరాత్రి దాకా చెప్పుకున్న కబుర్లలోనే సగం స్నేహాలు గట్టిపడ్డాయి.

తరవాత దారులు పడ్డాయి. రాజమండ్రి దగ్గర 1900లో వచ్చిన హేవలాక్ వంతెన ఒక్కటే చాలాకాలం రైళ్ళని మోసింది. 1974లో కొవ్వూరు వైపు రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి వారధి, వసిష్ఠ మీద చించినాడ వంతెన వచ్చాక మన ఊళ్ళు ఊళ్ళకి దగ్గరయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేసిన కాకినాడ–కోటిపల్లి రైలుమార్గం కూడా 2004లో మళ్ళీ తెరిచారు.

వంతెనలు వద్దనే మాట మన నోట రాకూడదు. వరద రోజుల్లో రోగిని మంచం మీద మోసుకొచ్చి రేవులో ఎదురుచూడటమంటే ఏమిటో మన పెద్దలకి తెలుసు. కొన్ని లంక గ్రామాల వాళ్ళకి ఇవాళ్టికీ తెలుసు. కానీ దారి తగ్గినకొద్దీ మన బస కూడా తగ్గిపోయింది. పొద్దున్నే దిగి, మధ్యాహ్నం భోజనం చేసి, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె చంకన పెట్టుకుని సాయంత్రం బండెక్కేస్తున్నాం. ఏదైనా కార్యం ఉంటేనే వస్తున్నాం.

మా బ్యాచ్‌లో ఊళ్ళోనే ఉండి కొబ్బరితోట చూసుకుంటున్న మిత్రుడొకడున్నాడు. మొన్న ఫోన్లో నవ్వుతూనే అన్నాడు: "ఒరేయ్, నా దినం భోజనాలకి ఎలాగూ అందరూ వస్తారు. దానికంటే ముందోసారి రండ్రా. పంక్తిలో నేనూ కూర్చుంటాను."

ఈ మాటకి మించి నేను చెప్పేదేమీ లేదు.

కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం మీరందరూ ఎరిగిందే. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరతారు. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక నీళ్ళలోంచి భుజాల మీద దాటిస్తారు. దారిలో పచ్చని చేలు అడ్డొస్తే చేలోంచే నడిపిస్తారు. తొక్కిన పైరు మళ్ళీ లేస్తుందని రైతు కూడా దణ్ణం పెడతాడు. అంత శ్రమపడి వచ్చిన దేవుళ్ళకి అక్కడ వేరే పనేం ఉంది? ఏడాదికోసారి ఒకరినొకరు చూసుకోవడం, అంతే.

అందుకే నావి మూడు మనవులు. ఒకటి, ఊరొచ్చిన వాళ్ళు ఒక్క రాత్రయినా ఇక్కడ పడుకోండి. రెండు, టిక్కెట్టు దొరకని సంక్రాంతికే కాదు, ఏ పండగా లేని మామూలు వారంలో కూడా రండి. మన మాస్టార్ల ఇంటికెళ్ళి ఒక పూట కూర్చోండి. వాళ్ళకి శాలువాల కంటే మన మాటలు ముఖ్యం. మూడోది సంఘానికి. ఊళ్ళో ఉన్న మిత్రుల, విశ్రాంత ఉపాధ్యాయుల పేర్లు, ఇళ్ళ గుర్తులు ఒక పుస్తకంలో రాసి స్కూలు ఆఫీసులో ఉంచండి. వచ్చినవాళ్ళు ముందు అది చూసి బయలుదేరతారు.

ఇక్కడున్న మిత్రులకి కూడా ఒక మాట. ఇంట్లో ఏసీ లేదు, మంచాలు చాలవని మొహమాటపడకండి. చాపెయ్యండి, చాలు.

ఈ స్వర్ణోత్సవానికి మనమందరం కలిశాం, సంతోషం. వజ్రోత్సవం దాకా ఆగకుండా, ఈ ఏడాదిలోనే ఒకరింటికొకరం వెళ్దాం. సెలవు.