ఆండీస్ కొండల్లో మట్టి పశువుల పాక

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆండీస్ కొండల మీద, అయకుచో పట్నానికి దగ్గరగా కినువా అనే ఊరుంది. సముద్రమట్టానికి 3,200 మీటర్లకు పైన ఉన్న ఆ ఊళ్లో ఎన్నో కుటుంబాలకు కుమ్మరిపనే ఆధారం. వాళ్లు చేసే మట్టి బొమ్మల్లో క్రీస్తు జనన దృశ్యాలది ప్రత్యేక స్థానం. క్రిస్మస్‌కు తెలుగునాట చర్చిల్లో అమర్చే పశువుల పాకలో కనిపించే కథే ఇక్కడా కనిపిస్తుంది. మనుషులు మాత్రం వేరు.

16వ శతాబ్దంలో స్పెయిన్ పాలన వెంట వచ్చిన మతప్రచారకులు ఈ కథను అక్కడికి తెచ్చారు. మట్టిపని అంతకు వేల ఏళ్ల ముందే ఉంది. కుమ్మరి సారె అప్పటికి ఆ ఖండంలో లేదు. చేత్తోనూ అచ్చులతోనూ కుండలు, బొమ్మలు చేసేవారు.

బొమ్మను చూసేటప్పుడు ముందు బట్టలు గమనించాలి. యోసేపు ఒంటి మీద దుప్పటి లాంటి పోంచో, తలకు చెవులు కప్పే ఉన్ని టోపీ. మరియకు రెండు జడలు, భుజాల మీద శాలువా. ఆ కొండల్లో తల్లులు పసిబిడ్డను నేతపట్టీతో బిగించి చుడతారు. చాలా బొమ్మల్లో బాలయేసు కూడా అలాగే ఉంటాడు. ఎద్దు, గాడిద ఉండే చోట లామా, అల్పకా పడుకుని ఉంటాయి. కొందరి చేతిపనిలో తూర్పు దేశపు జ్ఞానులు మొక్కజొన్న కండెలు, బంగాళాదుంపలు తెస్తారు. బంగాళాదుంప పుట్టిల్లు ఆండీసే. ఆ కొండల రైతు దగ్గర ఉన్నవాటిలో అంతకంటే విలువైన కానుక ఏముంటుంది! ఈ కళకు ప్రాణం ఈ మార్పుల్లోనే ఉంది.

తర్వాత చూడవలసింది పైపూత. కినువా సంప్రదాయంలో గాజు మెరుగు ఉండదు. మీగడ రంగు మట్టిపూత మీద ఎర్రమట్టితో గీతలు దిద్ది, కట్టెల ఆవంలో కాలుస్తారు. ఆ ఊరి ఇళ్ల కప్పుల మీద రక్షణ కోసం మట్టి చర్చి బొమ్మలు నిలబెడతారు. జనన దృశ్యాన్ని అలాంటి చర్చి లోపలే అమర్చడమూ ఉంది.

కుస్కో నగరంలోని తీరు వేరు. అక్కడ హిలారియో మెండీవిల్ అనే కళాకారుడు మరియకూ యోసేపుకూ లామాకు మల్లే పొడవాటి మెడలు పెట్టి పేరు పొందాడు. ఆయన వాడింది ప్రధానంగా జిగురు పట్టించిన గుడ్డ, జిప్సం. కాల్చిన మట్టి కాదు. అయినా ఆ మెడల పోకడ తర్వాతి బొమ్మల మీద గట్టి ముద్ర వేసింది.

1980లో అయకుచో ప్రాంతంలో మొదలైన సాయుధ హింసకు తాళలేక ఎందరో కళాకారులు రాజధాని లీమాకు తరలిపోయారు. పనిని వదల్లేదు, అక్కడా కుమ్మరి ఆవాలు పెట్టుకున్నారు. ఇక కుస్కోలో ఏటా డిసెంబరు 24న ప్రధాన కూడలిలో సాంతురాంతికుయ్ సంత జరుగుతుంది. చుట్టుపక్కల చేతిపనివారు తెచ్చిన జనన దృశ్యపు బొమ్మలను జనం ఇంట్లో అమర్చుకోవడానికి ఆ రోజు అక్కడే కొనుక్కుంటారు.