అంతర్జాలము: వయోభేదము, ప్రయోజనభేదము



మన దేశమున అంతర్జాలము 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన సామాన్యజనుల కందుబాటులోనికి వచ్చెను. నేఁడది యొక్కొక్క వయస్సువారి కొక్కొక్క ప్రయోజనము నొసఁగుచున్నది. బాలురు ఆటపాటలకై దానిని జేరుదురు. యువకులు 2017లో వెలసిన ‘స్వయం’ మూలమున ఇంటనే కళాశాలపాఠములు వినుచు, ఉద్యోగప్రకటనల నరయుచున్నారు. గృహస్థులు అడంగలు చూచుకొనుచు, 2016లో నేర్పడిన యూపీఐ పద్ధతిని సొమ్ము చెల్లించుచున్నారు. మాబోఁటి వృద్ధులమో, దూరదేశమందలి మనుమల మోములఁ జూచుటకును, 2014లో వచ్చిన ‘జీవన్ ప్రమాణ్’ ద్వారా మేము జీవించియున్నట్లు పింఛనుకచ్చేరికిఁ దెలుపుటకును దాని నాశ్రయించుచున్నాము.

బాలురకిది వేడుక, యువకులకు సోపానము, గృహస్థులకు వ్యవహారము, వృద్ధులకు బంధము, జీవనాధారము. ఐనను వృద్ధులకు అవసరము పెద్దది, అలవాటు చిన్నది. కావుననే పలువురు పెద్దలు ఫోనుతోఁబాటు ఓటీపీని సైతము పరులచేతఁ బెట్టి ధనము గోలుపోవుచున్నారు. ఓటీపీ నెవ్వరికిని జెప్పరాదు. మోసము జరిగినచోఁ దక్షణమే 1930 సంఖ్యకుఁ దెలుపవలయును.

మన యువకులకు మా విన్నపమొక్కటి. ఆదివారమున నొక గంట పెద్దలకై కేటాయింపుఁడు. పని చేసిపెట్టి పోవలదు; ఫోను వారిచేతనే యుంచి నేర్పుఁడు. అక్షరాభ్యాసమునాఁడు పెద్దలు మీ వ్రేలు పట్టి దిద్దించిరే కాని, మీకు బదులుగాఁ దాము వ్రాయలేదు గదా! దాతలును భవనములతోపాటు ఈ విద్యాదానమునకుఁ జేయూత నొసఁగుదురుగాక!

స్వస్తి.