పసివారి చిరుతిండి

మూడు నాలుగేండ్ల శిశువుల యుదరము చిన్నదగుటచే, రెండుపూటల భోజనముతోనే వారికి వలసిన పోషణ సమకూడదు. కావున నడుమ నిడు చిరుతిండియు నాహారమున నొక భాగమే యని తల్లులును, బాలవాడి యుపాధ్యాయినులును గ్రహింపవలెను. పెసలను రాత్రి నానవైచి, నీరు వార్చి, తడిగుడ్డలో మూటగట్టి యుంచినచో మరునాటికి మొలకలెత్తును. పచ్చిమొలకలు పసివారికి పెట్టరాదు. వానిని మెత్తగా నుడికించి, దించిన పిమ్మట నిమ్మరసము పిండినచో, అందలి సి విటమిను గింజలలోని యినుము దేహమునకు పట్టుటకు తోడ్పడును, ఉడుకుటలో నశించిన విటమినును కొంత పూరించును. బడిలో మూట విప్పి మొలకలు చూచుట, నిమ్మచెక్క పిండుట పిల్లలచేతనే చేయింపుడు. తాము చేసినదానిని వారెంత యిష్టముగా తిందురో! వేరుసెనగలను మాత్రము ఐదేండ్లలోపువారికి పలుకులుగా నీయరాదు, గొంతున నడ్డుపడి యూపిరి నాపగలవు; వేయించి, పొడిచేసి, బెల్లముతో మెత్తని యుండలు చేసి పెట్టుడు.