ఇంజెక్షన్ మీద మన వైఖరి ఏమిటి?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భం రాకుండా మూడు నెలలకొకసారి వేసే ఇంజెక్షన్ మీద మన వైఖరి ఏమిటో తేల్చి చెప్పమని ఊళ్ళలో పనిచేస్తున్న కార్యకర్తలు చాలాకాలంగా అడుగుతున్నారు. "అక్కా, ఆ సూది వేయించుకోమంటారా, వద్దంటారా?" అని ఎదురుగా కూచుని అడిగే స్త్రీకి "ఇంకా చర్చ జరుగుతోంది" అని చెప్పి పంపలేం. తొంభైలలో వేసిన కరపత్రాన్ని ఉన్నదున్నట్టుగా ఆమె చేతిలో పెట్టనూలేం. అందుకని ఇట్లాంటి వివాదంలో ఒక వైఖరికి ఎట్లా రావాలి, వచ్చాక దాని వెనక ఎట్లా నిలబడాలి అన్న రెండు విషయాలు ఈ రోజు మీ ముందు పెడతాను.

ముందుగా కొంత చరిత్ర చెప్పుకోవాలి. ఇది మన గడ్డ మీద మొదలైన పోరాటమే. 1985లో హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్ ప్రయోగానికి భారత వైద్య పరిశోధనా మండలి పూనుకుంది. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి చూస్తే, అక్కడికొచ్చిన పేద స్త్రీలకు ఇది ప్రయోగమన్న సంగతే తెలియదు. పిల్లలు పుట్టకుండా సూది వేస్తారని మాత్రమే వాళ్ళకు తెలుసు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పద్నాలుగేళ్ళ తర్వాత, 2000లో, సామూహిక కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్ వాడటం తగదని ప్రభుత్వమే ఒప్పుకున్నాక ఆ కేసు ముగిసింది.

ఈలోగా డెపో ప్రొవెరా వచ్చింది. అమెరికాలో గర్భనిరోధకంగా దానికి 1992లో అనుమతి దొరికితే మన దేశంలో 1993లో దొరికింది. మహిళా సంఘాలు మళ్ళీ కోర్టు తలుపు తట్టాయి. ప్రభుత్వ కార్యక్రమంలో దీన్ని చేర్చవద్దని 1995లో ఔషధ సాంకేతిక సలహా మండలి చెప్పింది. ఇరవై ఏళ్ళకు, 2015లో, అదే మండలి సరేనంది. 2017 నుంచి 'అంతర' అన్న పేరుతో ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. అంటే వద్దన్న మందే ఇవాళ మన పి.హెచ్.సి. అలమారలోకి వచ్చి కూచుంది.

ఇప్పుడు మనమేమనాలి? "అప్పుడు వద్దన్నాం కాబట్టి ఇప్పుడూ వద్దు" అనడం వైఖరి కాదు, అలవాటు. "కాలం మారింది కాబట్టి సరే" అనడమూ అంతే. వైఖరికి రావాలంటే ముందు కలగలిసిపోయిన మూడు ప్రశ్నల్ని విడదీసుకోవాలి. మందు ఎట్లాంటిది? దాన్ని ఇచ్చే తీరు ఎట్లా ఉంది? ఎవరి అవసరం కోసం ఇస్తున్నారు?

మందు సంగతి చూద్దాం. ఒక డోసు 150 మిల్లీగ్రాములు. అండం విడుదల కాకుండా ఆపుతుంది. వేళ తప్పకుండా వేయించుకుంటే గర్భం రావడం చాలా అరుదు. అయితే చాలామందికి ముట్టు తీరు తప్పుతుంది. కొందరికి రోజుల తరబడి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, కొందరికి అసలే ఆగిపోతుంది. బరువు పెరగడం, తలనొప్పి కూడా ఉంటాయి. మానేశాక గర్భం నిలవడానికి చివరి సూది నుంచి లెక్కేస్తే తొమ్మిది, పది నెలలు పట్టవచ్చు. వాడుతున్నంతకాలం ఎముకల సాంద్రత తగ్గుతుందని అమెరికా ఔషధ సంస్థ 2004లో గట్టి హెచ్చరిక పెట్టించింది. మానేశాక చాలావరకు తిరిగి కోలుకుంటుందని కూడా తేలింది. హెచ్.ఐ.వి. సోకే ప్రమాదాన్ని పెంచుతుందేమోనన్న భయం చాలాకాలం ఉండేది. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2019లో అట్లాంటి చెప్పుకోదగ్గ తేడా లేదని చెప్పింది. అంతమాత్రాన హెచ్.ఐ.వి. నుంచి ఇది రక్షణ ఇవ్వదు, దానికి నిరోధే కావాలి. ఏడాదికి మించి వాడిన వాళ్ళలో మెదడు పొరల్లో పెరిగే మెనింజియోమా అనే గడ్డ ముప్పు ఎక్కువగా కనిపించిందని 2024లో ఫ్రాన్స్ అధ్యయనం ఒకటి బయటపెట్టింది. ఆ గడ్డ అరుదైనదే. కానీ సంగతి తెలుసుకునే హక్కు వాడే స్త్రీకి ఉంది.

ఇందులో మనకు అనుకూలమైనవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. రెండూ చెప్పాలి. హెచ్.ఐ.వి. గురించిన పాత భయాన్నే ఇంకా ప్రచారం చేస్తే, రేపు ఎముకల గురించి నిజం చెప్పినా డాక్టర్లు మనల్ని నమ్మరు. అంతకంటే ముఖ్యం, మన ఊరి స్త్రీలు నమ్మరు.

ఇక ఎదుటివాళ్ళ వాదన. దాన్ని బలహీనంగా చెప్పి ఓడించడం తేలిక. బలంగా చెప్పి చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం. మగవాళ్ళ ఆపరేషన్లు ఆంధ్రప్రదేశ్‌లో అర శాతం కూడా లేవు, తెలంగాణలో రెండు శాతం దగ్గర ఉన్నాయి. పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్ అయిపోయిన ఆడపిల్లలు మన ఊళ్ళలో ఎంతమందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఆపరేషనూ నిరపాయం కాదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర శిబిరంలో ఆపరేషన్లయిన స్త్రీలు పదిమందికి పైగా చనిపోయారు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. "మీరు సూది వద్దంటే ఆ స్త్రీకి మిగిలేది ఈ ఆపరేషన్ బల్లే కదా" అని మనల్ని అడుగుతున్నారు. నిరోధ్ వాడమని మొగుణ్ణి ఒప్పించలేని స్త్రీ, మాత్రల అట్ట అత్త కంటపడకుండా దాచుకోలేని స్త్రీ, ఎవరికీ తెలియకుండా మూడు నెలలు నిశ్చింతగా ఉంటానంటే కాదనడానికి మనమెవరం?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని వైఖరి వైఖరే కాదు.

నా జవాబు ఇది. ఆ స్త్రీ అవసరం నిజం. ఆమెను కాదనే అధికారం మనకు లేదు. కానీ ఆమెకు చెప్పిన మాట పూర్తిగా నిజమేనా? పదిహేను రోజులు ఆగకుండా ఎర్రబట్ట కనబడితే ఇంట్లో తెలియకుండా ఉంటుందా? ముట్టయితే వంటింట్లోకి, దేవుడి గదిలోకి రానివ్వని ఇళ్ళలో ఆమె గతేమిటి? కూలికి పోయే మనిషికి రక్తహీనత ఉంటే ఏం చెయ్యాలి? మాత్ర అయితే రేపటినుంచి మానెయ్యొచ్చు. లూప్ అయితే తీయించుకోవచ్చు. ఒంట్లోకి వెళ్ళిన సూది మందును వెనక్కి తీయలేం. బాధ పడినా మూడు నెలలూ భరించాల్సిందే. అందుకే ఈ పద్ధతిలో, వేసేముందు చెప్పే మాటకూ వేశాక చూసే చూపుకూ ఉన్న విలువ మరే పద్ధతిలోనూ లేదు. మందు నాణ్యత ఫ్యాక్టరీలో తేలుతుంది. దాని భద్రత సబ్‌సెంటర్లో తేలుతుంది.

ఇచ్చే తీరు ఎంత ముఖ్యమో ఖమ్మం జిల్లా మనకు నేర్పింది. 2009లో అక్కడ వేలాదిమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. వాళ్ళలో చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉండే పిల్లలు. కొందరు చనిపోయాక 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. ఆ తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుబట్టింది. టీకా మంచిదే కావచ్చు. అడగకుండా వేయడం మంచిది కాదు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పగలగాలి.

మూడో ప్రశ్న ఎవరి అవసరం అన్నది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేసిన రాష్ట్రం మనది. అదే నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తీసేసింది. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. నిన్నటిదాకా కనవద్దన్న నోరే ఇవాళ కనమంటోంది. రెండు సార్లూ లెక్క రాజ్యానిది, కడుపు మనది. సూదిని మనం జనాభా పెరుగుతోందని సమర్థించినా, తగ్గుతోందని వ్యతిరేకించినా ఆ లెక్కలోనే కొట్టుకుపోతాం. మన కొలబద్ద ఒక్కటే. ఈ స్త్రీ చేతిలో నిర్ణయాధికారం పెరిగిందా, తగ్గిందా?

ఈ కొలబద్దతో నేను ప్రతిపాదించే వైఖరి చెబుతాను. ఇంజెక్షన్‌ను నిషేధించమని అడగవద్దు. మొదటి సూదికి ముందు డాక్టరు పరీక్ష లేకుండా, మంచీ చెడూ తెలుగులో విడమరచి చెప్పకుండా, మిగతా పద్ధతులు కూడా అందుబాటులో లేకుండా, రక్తస్రావానికి వైద్యం లేకుండా ఇచ్చే ప్రతి చోటా దాన్ని ఎదిరిద్దాం. ఇంతమందికి వేయాలన్న టార్గెట్లను, తలకింతని ఇచ్చే డబ్బును వ్యతిరేకిద్దాం. అన్నీ తెలిసి వేయించుకున్న స్త్రీ పక్కన నిలబడదాం. వద్దనుకున్న స్త్రీ పక్కనా నిలబడదాం. దాంతోపాటు మగవాళ్ళ ఆపరేషన్ ఊసే ఎత్తని ఆరోగ్య శాఖను రోజూ నిలదీద్దాం.

ఇది నడిమధ్య మాట అని కొందరు అనవచ్చు. నిషేధం కోరడం కంటే ఇది కష్టమైన పని. నిషేధానికి ఒక వినతిపత్రం చాలు. దీనికి ప్రతి పి.హెచ్.సి. గడప తొక్కాలి. ఎంతమంది మొదటి సూది వేయించుకున్నారు, ఎంతమంది రెండోదానికి రాలేదు, ఎందుకు రాలేదు అని స్త్రీల పేర్లు బయటపెట్టకుండా రాసిపెట్టుకోవాలి. ఆస్పత్రి చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఎ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు మనకు శత్రువులు కారు. పైనుంచి ఒత్తిడి, కిందనుంచి నింద మధ్య నలిగే శ్రామిక స్త్రీలు వాళ్ళు. వాళ్ళను కలుపుకోకుండా ఈ పని సాగదు. క్యాన్సర్ వస్తుంది, గొడ్రాళ్ళయిపోతారు అని భయపెట్టే మాట మన నోటినుంచి ఒక్కటీ రాకూడదు. భయపెట్టి మాన్పించడానికీ, మభ్యపెట్టి వేయించడానికీ పెద్ద తేడా లేదు. రెండింట్లోనూ నిర్ణయం ఆమెది కాదు.

చివరిగా ఒక మాట. ఏ రుజువు వస్తే మన వైఖరి మార్చుకుంటామో కూడా తీర్మానంలోనే రాసుకుందాం. ఆరోగ్యానికి గట్టి హాని రుజువైతే ఆపమని అడుగుదాం. మన జిల్లా కేంద్రాలు ఈ షరతులన్నీ నిజంగా పాటిస్తున్నాయని మన లెక్కలే చెబితే ఆ మాటా ఒప్పుకుందాం. ఈ ప్రతిపాదనను మీ మండల సమావేశాల్లో పెట్టండి. సూది వేయించుకున్న స్త్రీలను, మానేసిన స్త్రీలను ఇద్దరినీ పిలవండి. ముందు వాళ్ళను మాట్లాడనివ్వండి. తీర్మానం ఆ తర్వాత రాద్దాం.