తిరుగుడు పోయిన పిమ్మట తూలుడు



గత సంవత్సరము ఒకనాటి వేకువను పడకపై కుడిప్రక్కకు ఒత్తిగిలితిని. ఇంటి దూలములు కుమ్మరిసారెవలె గిఱ్ఱున తిరిగినవి. అరనిమిషములో ఆగినవి. మరల తల త్రిప్పగానే మరల తిరిగినవి. పైత్యమనుకొని నిమ్మరసము త్రాగితిని, ఫలము లేకపోయెను.

పట్టణములోని చెవివైద్యుడు నా తల నొకప్రక్కకు త్రిప్పి, చటుక్కున వెనుకకు పరుండబెట్టి, కన్నుల కదలికను పరీక్షించెను. "తాతగారూ, ఇది పైత్యము కాదు. లోపలిచెవిలోని సన్నని సున్నపు రేణువులు చోటు తప్పి, అర్ధవృత్తాకారపు నాళములో పడినవి" అనెను. అమెరికా వైద్యుడు ఎప్లీ 1992 లో ప్రకటించిన పద్ధతిని నా తలను క్రమముగా త్రిప్పి, వానిని స్వస్థానమునకు చేర్చెను. కత్తి లేదు, మందు లేదు. కొద్ది నిమిషముల పని.

తిరుగుడు పోయెను. కాని మరునాడు నడువబోగా పడవలో నిలిచినట్లుండెను. చికిత్స విఫలమైనదని తలచి, వారము దినములు మంచము విడువక, ఇంటనున్న పాత మాత్రలను మ్రింగితిని. మగత హెచ్చెను. ఒక రాత్రి గడప దాటుచు తూలితిని. మనుమడు పట్టుకొనకున్నచో తుంటియెముక విరిగియుండెడిదే.

వైద్యుడు మరల పరీక్షించి, నాళములో రేణువులు లేవని తేల్చెను. "చెవి తప్పుడు వార్త పంపినన్నాళ్లు మెదడు దానికి సర్దుకొనినది. ఇప్పుడు సరియైన వార్తకు మరల అలవాటు పడవలెను. కదలనిదే ఆ అలవాటు రాదు. తిరుగుడు మాత్రలు దీర్ఘకాలము వాడినచో అది ఆలస్యమగును" అని చెప్పెను. ఈ దిమ్ము పెద్దవయసువారికి ఎక్కువగా కలుగునట. పెక్కుమందికి కొన్ని దినములలోనో, వారములలోనో తగ్గునట.

ఆయన చెప్పినట్లు, గోడదగ్గర నిలిచి, ఎదుట నొక గుఱుతుపై చూపు నిలిపి, తలను కుడియెడమలకును, పైకి క్రిందికిని మెల్లగా త్రిప్పితిని. పిదప మనుమని తోడుగా నుంచుకొని, తల త్రిప్పుచు నడచితిని. మొదట దిమ్ము కొంచెము హెచ్చెను, భయపడి మానలేదు. మూడు వారములకు చెరువుగట్టుపై ఒంటరిగా నడచితిని.

పెద్దలకు నా మనవి రెండు మాటలు. ప్రక్కకు ఒత్తిగిలినపుడు మరల గిఱ్ఱున తిరిగినచో రేణువులు ఇంకను ఉండవచ్చును, వైద్యునికి చూపుడు. మాట తడబడినను, ఒకటి రెండుగా కనబడినను, కాలుచేయి చచ్చుబడినను, ఇది చెవిజబ్బని కూర్చుండక తత్క్షణమే ఆసుపత్రికి పొండు. ఈ గుఱుతులు లేక, వట్టి తూలుడే మిగిలినచో మంచమును నమ్ముకొనకుడు; తోడు నుంచుకొని నడువుడు.